గోడపక్క ఎత్తుబండి

ఆ వీధిలో ఆయన్ని పొట్టికార్లాయన అనేవారు. పాత కార్లు కొని అమ్మడం ఆయన పని. చిన్న కారు తప్ప మరొకటి ముట్టేవాడు కాదు. ఎస్‌యూవీల పేరెత్తితే ముఖం చిట్లించేవాడు. ఆ ఎత్తుబండ్లు కొనేవాళ్లకు కళ్లు నెత్తికెక్కాయి గనుకే ఎత్తు సీటు కావాలంటున్నారని ఎద్దేవా చేసేవాడు.

ఆ ఏడు ప్రభుత్వం కొత్త నిబంధన పెట్టింది. బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చే వాడిన కార్లలో మరీ పాతవి ఇక రేవు దాటడానికి వీల్లేదు. ఆ వార్త విని పొట్టికార్లాయన మీసం దువ్వుకున్నాడు. కొత్తగా సరుకు రాకపోతే ఉన్న సరుకు బంగారమవుతుందనుకున్నాడు. ఊళ్లో ఎవరు చిన్న కారు అమ్ముతానన్నా కొన్నాడు. వాళ్లు బేరమైనా ఆడకుండా తాళాలు చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు.

వ్యాపారంలో సగం వాటా బావమరిదిది. పోయిన భార్యకు తమ్ముడు. అతను ఒక్క మాటే అన్నాడు.

"ఎవడూ అడగని సరుకు కరువైతే ఎవడికి నొప్పి బావా?"

ఆయన వినలేదు. యార్డు నిండిపోయింది. కార్లు నిలపడంలో ఆయన పద్ధతి వేరు. కారుకూ కారుకూ మధ్య చెయ్యి దూరేంత సందు మాత్రమే వదిలేవాడు. తలుపు తెరుచుకోదు గనుక నిలిపినవాడు డిక్కీలోంచి పాకి బయటపడాలి. ఎండుకట్టెలాంటి మనిషి కాబట్టి ఆయనకు సాగింది. బావమరిది పొట్టకు ఆ విద్య అబ్బలేదు.

ఆ వరసలన్నిటికీ లోపల, గోడకు ముక్కు ఆనించుకుని ఒకే ఒక్క ఎత్తుబండి ఉంది. భార్య మోకాళ్లు మొరాయించి, చిన్న కారులో కూలబడితే లేవలేని స్థితి వచ్చాక, ఆమె ఎన్నాళ్లుగానో అడుగుతున్నదాన్ని అప్పుడు తెచ్చాడు. ఆమె అందులో తిరిగింది కొన్నాళ్లే. ఇందులో కూచుంటే ఎవరి పెరట్లో ఏముందో తెలిసిపోతోందని నవ్వేది. ఆమె పోయాక బండిని ఆ మూలకు చేర్చాడు. దాని వెనక ఒక చిన్న కారు పెట్టాడు. ఆ కారు వెనక ఇంకొకటి. బండి తియ్యమని ఎవరైనా అంటే చోటు లేదనేవాడు. చోటు లేకుండా చేసింది తనే.

నిబంధన ఎత్తుబండ్లకూ వర్తించింది. జనం మాత్రం వాటినే అడిగారు. కొత్తది కొనలేనివాళ్లు పాతదానికి ఎగబడ్డారు. పాతవి ఓడ దిగడం లేదు. ఊళ్లో ఉన్నవాటికి రెక్కలొచ్చాయి. పొట్టికార్లాయనకు ఎదురుగానే ఎత్తుబండ్ల యార్డొకటి వెలిసింది. వాళ్ల బండ్లు వీధికి రెండు పక్కలా బారులు తీరాయి. ఇవతల యార్డులో బ్యాటరీలు చచ్చిపోయాయి, టైర్లు చతికిలబడ్డాయి.

ఒకనాటి ఉదయం బావమరిది ఒక కాంట్రాక్టరును వెంటబెట్టుకొచ్చాడు. గోడపక్క బండి కావాలిట. దీన్ని అమ్మితే తామూ ఎత్తుబండ్ల వ్యాపారంలోకి దిగవచ్చని, లేదంటే ఎదుటి యార్డువాళ్లు రమ్మంటున్నారని, ఇవాళే వెళ్లిపోతానని బావమరిది చెప్పాడు. అరవలేదు. అరిచి ఉంటే పొట్టికార్లాయన భయపడేవాడు కాదు. ఇంట్లో మాట్లాడే మనిషి పోయాక ఆయనకు మిగిలింది ఈ ఒక్క గొంతే.

బండి చూసి చెబుతానన్నాడు. తన సరుకును తనే తొక్కుకుంటూ కార్ల కప్పుల మీదుగా నడిచి, తాళంతో డిక్కీ తెరిచి, లోపలికి పాకాడు. డిక్కీ తలుపును నిలబెట్టే కడ్డీలు ఎప్పుడో నీరసించాయి. తలుపు ధబ్బున పడింది. దానికి లోపలివైపు పిడి లేదు. బ్యాటరీ లేదు గనుక అద్దాలు దిగవు, హారన్ మోగదు. పక్క తలుపు తోస్తే జానెడు తెరుచుకుని చిన్న కారుకు కొట్టుకుంది. సందులో చెయ్యి పట్టింది, మనిషి పట్టలేదు.

ఆ సందులోంచే కేకేశాడు. బావమరిది కప్పుల మీదికి ఎక్కబోయి, ఒకటి సొట్టపడేసరికి దిగిపోయాడు. కార్లన్నీ వీధిలోకి తీస్తే తప్ప దారి లేదు. వీధి ఎదుటివాళ్లది. చివరికి అతనే వెళ్లి బతిమాలాడు. వాళ్లు నవ్వుకుంటూ తమ బండ్లు కాస్త జరిపి, తాళ్లు తెచ్చి లాగడం మొదలుపెట్టారు.

చేసేదేమీ లేక పొట్టికార్లాయన డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అక్కణ్ణుంచి గోడ అవతలికి కనిపించింది. ఎవరిదో పెరడు. తీగ మీద తడి బట్టలు, బోర్లించిన బకెట్టు, ఎండలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఒక ముసలామె. ఇన్నేళ్లలో ఆ గోడ వెనక ఏముందో ఆయన ఒక్కసారీ చూడలేదు. ముసలామె మోకాళ్లు రాసుకుంటూ ఉంది. ఆయన కళ్లు తిప్పుకోలేదు.

ఎండ నడినెత్తికొచ్చాక పక్క కారు కదిలింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది. కాంట్రాక్టరు తాళం కోసం చెయ్యి చాచాడు.

"ఇది అమ్మను" అన్నాడు పొట్టికార్లాయన.

కాంట్రాక్టరు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. బావమరిది చెమట తుడుచుకుని, ఆయన దిగేదాకా ఆగాడు.

"అక్క అడిగినన్నాళ్లూ కొనలేదు. ఇప్పుడు వేరేవాళ్లు అడిగితే అమ్మవు. నువ్విక్కడే ఉండు బావా."

వీధి దాటాడు. వెనక్కి చూడలేదు.

ఎదుటి యార్డువాళ్లకు వీధి ఖాళీ కావాలి. తీసిన కార్లన్నీ వాళ్లే మళ్లీ లోపలికి తోశారు, ఇదివరకటికన్నా ఇరుకుగా. తోసేవాళ్లలో బావమరిది కూడా ఉన్నాడు, అప్పటికే వాళ్ల మనిషిగా. ఎత్తుబండి వెనక డిక్కీ తెరుచుకునేంత జాగా వదలమని మాత్రం పొట్టికార్లాయన అడిగాడు. వదిలారు.

అందరూ పోయాక షెడ్డులో వెతికి ఒక చీపురుకర్ర తెచ్చాడు. డిక్కీ ఎత్తి, దాని కింద కర్ర ఊతంగా నిలిపి, ఊపి చూశాడు. పడలేదు. లోపలికి పాకాడు.