నికోలా పండుగ నాడు ఖాళీగా దొరికిన మగాడు

టిక్కెట్లు అంత చవగ్గా ఎందుకొచ్చాయో తిహోమిర్‌కి మబ్బుల్లో ఉండగా తెలిసింది. విమానంలో సగం సీట్లు ఖాళీ. ఇవాళ తారీఖెంతని రోసాండాని అడిగి, ఆమె చెప్పగానే నుదురు కొట్టుకున్నాడు. నికోలా పునీతుడి రోజు! సెర్బియాలో ఇంటికో పునీతుడు ఉంటాడు గానీ సగం ఇళ్ళకు నికోలాయే దిక్కు. తిహోమిర్ వాళ్ళకీ ఆయనే. మతి ఉన్న నికోలావాడెవడూ ఆ రోజు గడప దాటడు. ఈ మహానుభావుడు మాత్రం వియన్నా నుంచి థెస్సలొనీకికి బయలుదేరాడు, మధ్యలో సెర్బియాలోనే ఒక చిన్న ఊరి విమానాశ్రయంలో ఆరు గంటల పడిగాపులతో సహా.

రోసాండా వియన్నాలో లాండ్రీలో పనిచేస్తుంది. అతను గచ్చుపలకలు పరుస్తాడు. ఏడేళ్ళుగా జంటగా తిరుగుతున్నారు. పెళ్ళి మాటెత్తితే అతనిది ఒకటే పాట: "సొంతిల్లు లేదు. అద్దె గదిలో పండగ బల్ల ఎక్కడేస్తాం? ముందు ఇల్లు రానీ." మీనమేషాలు లెక్కపెట్టేవాడికి ఇల్లెప్పుడొస్తుంది? అందుకే రోసాండా ఈసారి గట్టిగా అనుకుంది. థెస్సలొనీకిలో తన అక్క గడప తొక్కేలోగా ఇతను అడగకపోతే, ఇక ఎవరి దారి వాళ్ళదే. ఆ సంగతి అతనికి చెప్పలేదు. చెప్పి అడిగించుకుంటే అదేం అడగడం?

దిగాక చూస్తే ఉన్నది ఒకే గది, పాడైపోయిన ఒక కాఫీ మిషను. తిహోమిర్ సంచులు ఒళ్ళో పెట్టుకుని కోడిపెట్టలా కూర్చున్నాడు.

"లే, ఊళ్ళోకెళ్ళి వేడిగా చేపల పులుసు తాగొద్దాం" అంది రోసాండా.

"ఇవాళ హోటళ్ళేం తెరుస్తారు?"

"హోటలెందుకు? ఇవాళ తెరిచిన గుమ్మమల్లా హోటలే."

"మనల్నెవరు పిలిచారే?"

"ఇంటి పునీతుడి పండక్కి ఎవరైనా ఎవర్నైనా పిలుస్తారా? వచ్చినోణ్ణి ఎందుకొచ్చావని అడుగుతారా?"

"అది కాదు రోసా. నా పండగ నాడు ఇంకొకళ్ళింట్లో తినడమా! పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు."

"పుట్టి బుద్ధెరిగి నువ్వేం చేశావు గనక!"

తిహోమిర్ సంచులు భుజాన వేసుకుని లేచాడు. ప్లమ్ తోటలు దాటగానే ఒక ఇంటి ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. ఉల్లిపాయలు వేగిన వాసన రోడ్డు దాకా వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

లోపల బల్ల చుట్టూ ఇరవై మంది దాకా ఉన్నారు, ఒక్కరూ తినడం లేదు. మధ్యలో ఉడికించిన గోధుమలు, ద్రాక్షసారా, పువ్వులల్లిన పండుగ రొట్టె, వెలిగించని కొవ్వొత్తి. ఫాదర్‌తో కలిసి ఆ రొట్టెని పట్టుకుని గుండ్రంగా తిప్పితే గానీ ఎవరూ ముద్ద ముట్టరు; తిప్పాల్సిన ఇంటిపెద్ద ఒగ్న్యెన్ లారీ కొండదారి మంచులో ఇరుక్కుందట. అతని తల్లి యెవ్రోసిమా మామ్మ రొట్టెకి కాపలా కాస్తోంది. ఇంకా బోలెడన్ని ఇళ్ళు తిరగాల్సిన ఫాదర్ గడియారం చూసుకుంటున్నాడు.

"మామ్మగారూ, మీరే నాతో కలిసి రొట్టె తిప్పేయండి. పునీతుడేం అనుకోడు."

"ఆయన అనుకోడు ఫాదర్, నేననుకుంటా. ఈ ఇంట్లో రొట్టె ఎప్పుడూ నికోలా మగాడి చేత్తోనే తిరిగింది."

"ఇంతమంది మగాళ్ళున్నారుగా!"

"వీళ్ళా? ఒకడు జార్జి పునీతుడివాడు, ఒకడు మైకేలువాడు, ఆ లావుపాటాయన ఎవరివాడో ఆయనకే తెలీదు. నికోలావాళ్ళంతా ఇళ్ళల్లో రొట్టెలు తిప్పుకుంటున్నారు. ఈ పూట ఖాళీగా ఉన్న నికోలావాడు భూమ్మీద ఎక్కడైనా ఉంటాడా?"

రోసాండాకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. రెండు చేతులతో తిహోమిర్‌ని ముందుకు తోసింది. "ఇదిగో, ఉన్నాడు!"

ఎవరు, ఎక్కణ్ణుంచి అని ఒక్కరూ అడగలేదు. మామ్మ మాత్రం కళ్ళజోడు సర్దుకుంది. "నికోలావాడివై ఉండి ఇవాళ రోడ్ల మీదేం చేస్తున్నావురా?"

తిహోమిర్ సంచులు కిందపెట్టాడు. "టిక్కెట్టు చవగ్గా వచ్చింది, మామ్మగారూ."

ఇల్లంతా గొల్లుమంది. "ఇప్పించింది ఆ పునీతుడేరా!" అంటూ మామ్మ కొడుకు కోటు తెచ్చి తొడిగింది. కోటు చేతులు అతని వేళ్ళ చివరిదాకా జారాయి.

కొవ్వొత్తి వెలిగింది. "ఇంటివాళ్ళ పేర్లు?" అన్నాడు ఫాదర్. మామ్మ తనవాళ్ళవి చెప్పి తిహోమిర్ వైపు తిరిగింది. "నీవాళ్ళవీ చెప్పు నాయనా, తిప్పే చెయ్యి నీదిగా."

తిహోమిర్ అన్న పేరు చెప్పాడు, వదిన పేరు, పిల్లల పేర్లు. ఆగాడు. మెడ గోక్కున్నాడు. తర్వాత గొణిగాడు, "రోసాండా."

"గట్టిగా. పునీతుడికి వినబడుతుంది గానీ నాకు వినబడదు."

"రోసాండా!" అని అరిచాడు, స్టేషన్లో బండి ఎక్కమని కేకేసినట్టు.

ఫాదర్ ఆ పేరుని ప్రార్థన రాగంలో కలిపి పాడేశాడు. ఆ చోట చెప్పేది ఇంటివాళ్ళ పేర్లే, బయటివాళ్ళవి పొరపాటున కూడా చెప్పరు. రోసాండాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. రెండూ ఆపుకోలేదు.

ఆ తర్వాత తిహోమిర్‌ని పట్టేవాడు లేడు. పండగ రోజంతా ఇంటిపెద్ద కూర్చోకూడదని ఆచారం, కాళ్ళకి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగాడు. పులుసు వడ్డించాడు, రాకియా సారా పోశాడు, తినని వాళ్ళని కోప్పడ్డాడు. అంతలో లారీ హారన్ మోగింది. ఒగ్న్యెన్ లోపలికొచ్చి, తన కోటు వేసుకుని తన సారా పోస్తున్న మనిషిని చూశాడు. ఒక్క ముక్కా అడగలేదు. చేతులు కడుక్కుని అతిథిలా కూర్చుని గ్లాసు చాపాడు.

గడియారం చూసి కెవ్వుమన్నది రోసాండాయే. అందరూ కలిసి వాళ్ళిద్దర్నీ లారీలోకి ఎక్కించారు. ఒగ్న్యెన్ బండి దౌడు తీయించాడు.

"కోపమొచ్చిందా?" అన్నాడు తిహోమిర్ దారిలో.

"దేవుడికి చెప్పావు, ఫాదర్‌కి చెప్పావు, ఊరందరికీ చెప్పావు. నాకే చెప్పలేదు."

ఒగ్న్యెన్ నవ్వాపుకోలేక హారన్ నొక్కాడు.

విమానాశ్రయంలో తనిఖీ దగ్గర వాళ్ళిద్దరే మిగిలారు. బెల్టు తీసి ట్రేలో పెట్టమన్నారు. తిహోమిర్ పెట్టాడు. జారిపోతున్న ప్యాంటుని రెండు చేతులా పట్టుకుని, చెవులదాకా ఎర్రబడి, అక్కడే నిలబడిపోయాడు.

"రోసా, నన్ను పెళ్ళి చేసుకుంటావా? ఇల్లింకా రాలేదు."

"తొందరగా చెప్పమ్మా" అంది తనిఖీ చేసే ఆవిడ, "విమానం వెళ్ళిపోతుంది."

"పేరు చదివేశాక ఇంకేం చేస్తాను!" అంది రోసాండా. ట్రేలోంచి అతని బెల్టు తీసి భుజాన వేసుకుని, విమానం వైపు పరుగెత్తింది. అతను ప్యాంటు పట్టుకుని వెనకాలే పరుగెత్తాడు.