గూటి కొలతకు కోసిన తొట్టి

నేను ఒక గాజు తొట్టిని. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఈ కొలతలు చేపను చూసి పెట్టినవి కావు, గోడను చూసి పెట్టినవి.

నన్ను చేసిన పైడిరాజుకు విశాఖపట్నం కంచరపాలెంలో పటాలు కట్టే దుకాణం ఉంది. దేవుడి పటమైనా, పెళ్లి ఫోటో అయినా ముందు గోడ మీద చోటు కొలిచి, ఆ తర్వాతే అద్దం కోయడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఈశాన్యంలో నీళ్లుంటే ఇంటికి మంచిదని ఎవరో చెప్పారు. హాల్లో ఆ మూల ఒక గూడుంది. కొలిచాడు, దుకాణంలో మిగిలిన అద్దం కోశాడు, అతికించాడు. వేలు దూరే సందైనా లేకుండా గూట్లో కూర్చున్నాను. అప్పట్లో నాకు కాస్త గర్వంగానే ఉండేది.

ఉప్పునీళ్లు పోసి, రాళ్లు పేర్చాక, చేపలమ్మే జిలానీ దగ్గర సముద్రపు ఏంజెల్ చేపల్లో మరగుజ్జు రకం ఒకటి తెచ్చాడు. తొట్టి ఎంతదని జిలానీ అడిగితే, "దీనికి సరిపోద్దిలే" అన్నాడట. నేరేడు పండు రంగు ఒళ్లు, పక్కల నారింజ మెరుపు. పైడిరాజు భార్య వరాలు దానికి నేరేడు అనే పేరు పెట్టింది. హాల్లో మిషను మీద జాకెట్లు కుడుతూ రోజంతా దానికి కబుర్లు చెప్పేది.

మరగుజ్జు అన్న మాట మనుషులను భలే మోసం చేస్తుంది. ఆ చేప పొద్దస్తమానం రాళ్ల మీది నాచు గీరుకుంటూ తిరిగే రకం. నాలో ఉన్న నాచు వారంలో అయిపోయింది. ఎటు వెళ్లినా నాలుగుసార్లు తోక ఆడించేసరికి అద్దం తగిలేది. పైగా నాలో నీళ్లే కొంచెం. ఎండకు కాస్త ఆవిరైతే చాలు, ఉప్పదనం పెరిగిపోయేది. మూడో వారానికి నేరేడు రాయి వెనక నక్కింది. తిండి ముట్టలేదు. నాకు భయం వేసింది. గాజుకు సాగడం రాదు కదా, నేనేం చేయను?

వరాలు మిషను ఆపి జిలానీకి కబురు పెట్టింది. ఆయన వచ్చి చూసి, "నాలుగడుగుల తొట్టి ఉండాల వదినా. దీంట్లో బతకదు" అన్నాడు.

"నాలుగడుగులది గూట్లో పట్టదు. ఇంకో మూల పెడితే వాస్తు సెడిపోద్ది" అన్నాడు పైడిరాజు.

వరాలు రాయి వెనక నక్కిన నేరేడును వేలితో చూపించింది.

"మనింటికి వాస్తు సూసేరు. మరి దాని ఇల్లు ఆ తొట్టే కదేటండీ. దానికేటి సూసేరు?"

ఆ రోజు పైడిరాజు దుకాణం తెరవలేదు. మందపాటి అద్దం తెప్పించి కొత్త తొట్టి కట్టాడు. నైరుతి గోడ దగ్గర తప్ప అది ఎక్కడా పట్టలేదు. వరాలు తన మిషనును వంటింటి గుమ్మం పక్కకు జరుపుకుంది. కొత్త నీళ్లు కుదుటపడే దాకా నెల రోజులు నేరేడును జిలానీ తన దగ్గరే ఉంచుకున్నాడు. వరాలు రోజూ ఫోన్ చేసి, "తిన్నాదా?" అని అడిగేది. తొమ్మిదో రోజున తిన్నదని చెబితే, ఫోన్ పట్టుకునే కళ్లు తుడుచుకుంది.

నైరుతిలో నీళ్లు కూడదని మళ్లీ ఎవరో చెప్పారు. పైడిరాజు విననట్టే ఊరుకున్నాడు.

నేను గూట్లోనే ఉన్నాను. నాలో ఇప్పుడు దారపు రీళ్లు ఉంటాయి. ఎదురుగా నేరేడు ఆ చివర బయలుదేరి, రాళ్ల సందుల్లో దూరి, మధ్యలో ఎక్కడా తిరగకుండా ఈ చివరకు వస్తుంది. నాలో ఉన్న మూడు వారాలూ అది ఈదుతోందనే అనుకున్నాను. అన్నాళ్లూ అది వెనక్కి తిరగడమే చేసింది.