విప్పిన ముడి

హిమాయత్‌నగర్ అనే పల్లె మీదుగా రోజూ పొద్దున తొమ్మిదింటికి విమానాలు పోయేవి. పట్నం అవతలి స్థావరంలో ఒక స్క్వాడ్రన్ ఉండేది. ఇంగ్లండు నుంచి తెప్పించిన జెట్ల మీద కుర్ర పైలట్లకు యుద్ధం నేర్పేవారక్కడ. ఆ మోతకు ఎడ్లు బెదిరి సాలు తప్పేవి.

1969 జులైలో ఒకనాడు సత్తయ్య పటేలుకున్న జొన్నచేలో కూలివాళ్ళు కలుపు తీస్తుండగా, ఒక జెట్ పొగ కక్కుకుంటూ మొయినాబాద్ వైపు కూలింది. అంతా అటు పరుగెత్తారు. విమలమ్మ మాత్రం కదల్లేదు. ఆమె తమ్ముడు ప్రేమదాసు పోయి నెల కాలేదు. పట్నంలో చదువుకుంటూ ప్రత్యేక తెలంగాణ ఊరేగింపులో నడిచాడు, తొడలో పోలీసు తూటా దిగింది. నెత్తురంతా కారి రోడ్డు మీదే చచ్చిపోయాడు. అప్పటి నుంచి ఆమెకు ఏ వింతా చూడబుద్ధి కావడం లేదు.

గట్టు అవతల మూలుగు వినిపించింది. వెళ్ళి చూస్తే, గాలిగొడుగు తాళ్ళలో చిక్కుకుని పైలటు పడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కుడిచెయ్యి విరిగింది. తొడ చీలి నెత్తురు ఉబుకుతోంది.

"అయ్యో బిడ్డా!" అంటూ విమలమ్మ కొంగు చింపి, గాయం పైన బిగించి కట్టింది. నెత్తురు నిలిచింది.

"దేవుడిలా వచ్చారమ్మా," అన్నాడతను.

ఆ ఆంధ్రా మాటతీరుకు ఆమె చెయ్యి ఆగింది. "ఏ ఊరు నీది?"

"తెనాలండి."

విమలమ్మ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత వంగి ముడి విప్పింది.

"ఏంటమ్మా? ఏం చేస్తున్నారు?"

"మా తమ్మునికి ఎవ్వలు కట్టలే," అంది.

అతను ఎడమచేత్తో ఆ గుడ్డ కోసం తడిమాడు. ఆమె దాన్ని తీసుకుని గట్టు మీద కూర్చుంది. అతను బతిమాలాడు, తిట్టాడు, చివరికి గొంతు తగ్గించాడు. "మా అమ్మకు చెప్పండి. నాకు నొప్పి తెలియలేదని చెప్పండి. ఒక్కతే ఉంటుందండి..." మాట మధ్యలోనే ఆగిపోయింది. విమలమ్మకు కడుపు చల్లబడలేదు.

జీపులో ఒక ఆఫీసరు వచ్చాడు. ఆమె చేతుల నెత్తురు, చిరిగిన కొంగు, ఒళ్ళో తడిసిన గుడ్డ చూశాడు. కళ్ళనిండా నీళ్ళతో చేతులు జోడించాడు. ఏదో అడిగాడు.

"వాళ్ళమ్మకు రాయాలెనంట. ఆఖరికి ఏమన్న అన్నడా అక్కా?" అని జీపు డ్రైవరు తెలుగులో చెప్పాడు.

"ఏమనలే," అంది విమలమ్మ.

శవాన్ని తీసుకుపోయారు. సత్తయ్య వచ్చి, "కూసుంటే ఎట్ల? ఇంక నాలుగు సాళ్ళున్నయ్," అన్నాడు. ఆమె లేచి చేలోకి దిగింది. పొద్దుగూకేదాకా కలుపుతో పాటు జొన్నమొక్కల్ని కూడా పీకేస్తూనే ఉంది. తమ్ముడు పోయిన బాధ అనుకుని ఎవరూ ఆమెను ఏమీ అనలేదు.