గంగులు వాటా

మా ఆయన ఉన్నప్పుడు మేకలు కోయడం, తోళ్లు అమ్మడం అన్నదమ్ములిద్దరే చూసుకునేవారు. నేను కోటబొమ్మాళి సంతలో తక్కెడ దగ్గర కూర్చునేదాన్ని. ఆయన పోయాక మాంసం కొట్టు నాకు మిగిలింది. కోత మా మరిది గంగులే చేసేవాడు. కూలి ఎంతని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నీ కాడ కూలేటి వొదినా? మాంసం నువ్వమ్ముకో. తోలు, పేగులు, కొమ్ములు, ఆ సెత్త నాకొగ్గెయ్."

ఇంత మంచి మరిది ఎవరికుంటాడని అందరితో చెప్పుకున్నాను. కానీ మాంసం అమ్మిన డబ్బు మేక కొన్న డబ్బుకే సరిపోయేది. ఏడాది చూసి, ఇక కొట్టు నడపలేనన్నాను.

"అయితే నాకిచ్చీ. నాను సూసుకుంతాను" అన్నాడు.

వచ్చే సంతకి అప్పజెబుతానని మాటిచ్చాను. మా అమ్మాయి నీలవేణిని బడి మాన్పించి ఊడ్పులకు పంపుదామనుకున్నాను.

ఈలోగా గంగులు జ్వరంతో పడ్డాడు. కోసిన మేకల తోళ్లు పాడైపోతాయని ఉప్పు పట్టించి, పేగులతో సహా గంపకెత్తి నరసన్నపేట బస్సెక్కబోయాను. కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"గంపతోపాటు నువ్వూ టాపెక్కీ అమ్మా."

తోళ్ల సాయిబు గోదాంలో అడుగుపెట్టి నిలబడిపోయాను. గోడ ఎత్తున తోళ్లు. తాళ్ల మీద తెల్లగా పేగులు, నూలు ఆరేసినట్టు. మూలన కొమ్ములొక గుట్ట, గిట్టలొక గుట్ట.

"ఇవన్నీ ఏటి సేస్తారు బాబూ?"

"తోళ్లు మద్రాసెల్తాయి. పేగుల్తో దారం తీస్తారు. డాకటర్లు కడుపులు కుట్టేది దాంతోనే."

పోయేముందు ఆపరేషను చేసిన మా ఆయన పొట్ట మీది కుట్లు కళ్లముందుకొచ్చాయి. ఆసుపత్రిలో ఆ కట్టు విప్పింది నేనే. సాయిబు నా చేతిలో నోట్లు పెట్టాడు.

"ఎక్కువిచ్చేసినట్టున్నావు బాబూ."

"గంగులుకిచ్చే ధరేనమ్మా. ఏటి, తక్కువిస్తన్నానని సెప్పేడా?"

ఆ తోళ్ల కట్ట మీదే కూర్చుని నోట్లు మళ్లీ లెక్కపెట్టాను. ఏడాదంతా మాంసంలో కనపడని మా తిండి ఒక్క గంప చెత్తలో ఉంది.

సంతనాడు గంగులు కొట్టు తీసుకోవడానికి కొత్త తువ్వాలు వేసుకుని వచ్చాడు.

"కొట్టివ్వను మరిదీ" అన్నాను. "ఈయేల నుంచి మాంసం మీద మిగిలింది నువ్వే తీసుకో. ఆ సెత్త నాకొగ్గెయ్."

కత్తి నూరుతున్న చెయ్యి ఆగింది. ఎందుకని గంగులు అడగలేదు.

"జొరం ఇంకా తగ్గనేదు వొదినా" అని తల దించుకున్నాడు.

నేను ఉప్పు మూట విప్పాను.