దుప్పటి అంచు

అయినా కాళ్ళ సంగతి ఇంజను చూసుకుంటుంది, బాధంతా వేళ్ళతోనే, ఫ్యాను తోసే వేడిగాలి వెనక్కొచ్చి మోకాళ్ళదాకా తగులుతుంది, ఆ పైన చొక్కాలో మడిచి పెట్టుకున్న నిన్నటి పేపరు, దాని మీద చర్చిలో ఇచ్చిన స్వెట్టరు, అంచు ప్యాంటులోకి దోపుకున్నాను, ఒక్క దారం కూడా వేలాడకూడదు, మంకీ టోపీ, తొడల మీద చీల్చిన యూరియా బస్తా, అదీ ఎగరకుండా కింద నొక్కిపెట్టాను, ఇన్ని ఉన్నా స్టీరింగు పట్టిన వేళ్ళు మాత్రం నావి కావు, ఒక చెయ్యి తీసి చంకలో పెట్టుకుంటే రెండోది కొయ్యబారిపోతుంది, మొక్కజొన్నకి ఈ మడి పదింటికల్లా దున్నేయాలని గణపతిరావుగారి ఆర్డరు, ట్రాక్టరు ఆయనది, చలి మనది, ఈ మంచులో రామతీర్థం కొండ ఉందో లేదో కూడా తెలియడం లేదు, ఏటిరా జానూ, సలికే సచ్చిపోతావేటిరా అని బావ నవ్వేవాడు, స్టాన్లీ బావ, మా గ్లోరీ అక్క మొగుడు, ఈ సీటు మీద ఒక రోజు ఆయన, ఒక రోజు నేను, ఇప్పుడు అన్ని రోజులూ నేనే.

వెనక్కి చూడకూడదనుకుంటాను, వెనక మట్టి గుల్ల చేసే రోటావేటరు ఎలా తిరుగుతోందో చూడకపోతే పని సాగదు, చూస్తే ముందు కనబడేది దాన్ని తిప్పే షాఫ్టు, షాఫ్టు మీద పసుపురంగు ప్లాస్టిక్కు తొడుగు, లోపల అది ఎంత తిరిగినా పైన తొడుగు కదలదు, నిరుడు, పెద్ద తుపాను వచ్చి వెళ్ళాక డిసెంబరులో, ఇలాంటి చలిలోనే షాఫ్టుకి గ్రీజు పెట్టబోతే తొడుగు అడ్డం వచ్చింది, విప్పాను, గ్రీజు పెట్టాను, మళ్ళీ బిగిద్దామంటే కొంకర్లు పోయిన వేళ్ళకి క్లిప్పు చిక్కదే, రెండుసార్లు చూసి, రేపు చూద్దాంలే అని దాన్ని డీజిలు డ్రమ్ము వెనక పడేసి చలిమంట దగ్గరికి పోయాను, చేతులు కాచుకున్నాను, ఎంత హాయిగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది, ఛీ, మర్నాడు వంతు బావది, నేను లేచేసరికే ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయాడు, అక్క గుమ్మందాకా వచ్చి సలిగాలి తగుల్తాది, కప్పుకో అంటూ తన దుప్పటే ఆయన భుజాల మీద వేసిందట, రోటావేటరుకి గడ్డి చుట్టుకుందని బావ దిగాడు, షాఫ్టు ఆపలేదు, గడ్డి లాగడానికి ఎవడు ఆపుతాడు గనక, వంగాడు, దుప్పటి అంచు షాఫ్టుకి చుట్టుకుంది, ఆ పైన తలుచుకోను, తలుచుకోను.

తొడుగు ఏదిరా అని ఒక్కడూ అడగలేదు, మా చుట్టుపక్కల సగం ట్రాక్టర్లకి అది ఉండనే ఉండదు, దుప్పటి కప్పుకుని దిగితే అంతే మరి అన్నారు, పాస్టరుగారు దేవుని చిత్తం అన్నారు, అక్క మాత్రం సమాధి మట్టి గుప్పిట పట్టుకుని, నా సేతుల్తో నేనే కప్పినాను, నేనే సంపుకున్నాను అంది, నేను ఆమె మోచెయ్యి పట్టుకునే ఉన్నాను, నోరు విప్పలేదు, మర్నాడు ఊరు లేవకముందే తొడుగు తెచ్చి బిగించాను, అప్పుడు వేళ్ళు చక్కగా తిరిగాయి.

గట్టు మీద మంచులోంచి ఎవరో వస్తున్నారు, అక్కే, రోజూ ఈ వేళకి టీ తెస్తుంది, ఒంటి మీద చీర తప్ప ఏమీ లేదు, ఆ రోజు నుంచి దుప్పటి ముట్టుకోలేదు, ఇది రెండో చలికాలం, కప్పుకోవే అని అమ్మ మొత్తుకుంటే నాకెందుకే ఆ ఎచ్చదనం అంటుంది, నెల రోజులుగా దగ్గు, పెదాలు నల్లబడ్డాయి, గ్లాసు అందిస్తూ, ఏరా సలేస్తన్నాదేటి, ఏడేడిగా తాగు అంది, గ్లాసు వేడి వేళ్ళలోకి పాకింది, ఆ రోజు మంట దగ్గరలాగే, అదే హాయి, నా వేళ్ళ చలికి అప్పుడు బావ పోయాడు, నా భయానికి ఇప్పుడు అక్క పోతోంది, ఇంజను ఆపేశాను, ఏటిరా ఆపేసినావు, పని అవ్వలేదు కదా అంటోంది, పెళ్ళాం మొగుడికి దుప్పటి కప్పడం తప్పెలా అవుతుందే అక్కా, తప్పు నేను విప్పి పడేసిన దాంట్లో ఉంది, కొట్టనీ, శపించనీ, జన్మలో మళ్ళీ నా మొహం చూడకపోనీ, దుప్పటి మాత్రం కప్పుకోనీ, కిందికి దిగి ఈ తొడుగు మీద చెయ్యి వేసి చెప్పాలి, టీ చల్లారేలోగా చెప్పాలి.