మేడమ్ కళ్లకు గంతలు

పెళ్లయి ఢిల్లీ వచ్చిన కొత్తలో నాకు అన్నీ సంబరంగానే ఉండేవి. ఢిల్లీ శివారు ఇందిరాపురంలో మా బాల్కనీ మీద పావురాలు చేసే గోల కూడా ముద్దొచ్చేది. నవదీప్ పొద్దున్నే రెండు కప్పుల కాఫీ కలిపి, రెండూ రుచి చూసి, బాగున్నది నాకిచ్చేవాడు. ఇంత సంతోషంలోనూ ఒక మనిషి మీద పగ పెంచుకున్నాను. ఆవిడ పేరు వీణ.

మా సొసైటీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వీణగారి భర్త రఘునందన్ డైరెక్టరు. నవదీప్ ఆయన కిందే పనిచేస్తాడు. అందుకే వీణగారు మాకెవరికీ ఆంటీ కాదు, అక్కయ్య కాదు. మేడమ్. ఆఫీసులో మొగుళ్ల హోదా ఎంతో ఇక్కడ పెళ్లాల మాటకు విలువ అంత.

కొత్త జంటమని వాళ్లిద్దరూ మాకు అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌లో భోజనం పెట్టించారు. వడ్డించే అతన్ని నేను ఇంగ్లీషులో ఏదో అడిగాను. మేడమ్ తింటున్న చెయ్యి ఆపింది.

"నవదీప్, మీ ఆవిడ ఇంగ్లీషుకి కింద సబ్‌టైటిల్స్ వేయించాలయ్యా. అచ్చం నరసరావుపేట బస్టాండులో ఉన్నట్టుంది."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఎమ్మే ఇంగ్లీషు చదివిన నేను అప్పడం విరుచుకుంటూ కూర్చున్నాను. నవదీప్ కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక అడిగితే, "డైరెక్టర్ గారి భార్య జోకేస్తే నవ్వకపోతే ఎలా కిరణ్మయీ" అన్నాడు. వాడు నా వాడు కాబట్టి క్షమించాను. ఆవిడను క్షమించే ఉద్దేశం లేదు.

ఆ కసితోనే సొసైటీ హాల్లో శనివారాలు ఆడవాళ్లకు ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టాను. పుస్తకాలు లేవు. అన్నీ జట్టు ఆటలే. బంతి చేతికొచ్చినవాళ్లు ఒక వాక్యం చెప్పి విసరాలి. నేను పేరు చెప్పిన బొమ్మ దగ్గరికి రెండు జట్లూ పరుగెత్తాలి. చెమట పట్టేసరికి సిగ్గు పోయేది. సిగ్గు పోయాక మాట వచ్చేది. కొంగు దోపుకుని పరుగెత్తే నలభై దాటిన ఆడవాళ్లను చూస్తే నాకు ఎంత ఆనందమో చెప్పలేను.

అందరికన్నా పట్టుదల మాణిక్యాంబగారిది. కూతురు ఇషిత స్కూల్లో టీచర్లతో తనే మాట్లాడాలని ఆవిడ కోరిక. భర్త సదాశివరావు రఘునందన్ గారి సెక్షన్‌లోనే పనిచేస్తారు. అందుచేత మేడమ్ ఇంట్లో ఏ పూజ జరిగినా పులిహోర మాణిక్యాంబగారే కలపాలి. గిన్నెలు కూడా ఆవిడే తోమి వస్తారని తర్వాత తెలిసింది.

ఒకరోజు మేడమ్ నన్ను గేటు దగ్గర ఆపింది.

"ఎమ్మే చదివి తొక్కుడుబిళ్ల ఆడిస్తున్నావట. హాలు బుక్ అయ్యేది నా పేరు మీద, తెలుసుగా? శనివారం వచ్చి చూస్తా. పనికిరాదనిపిస్తే ఆ టైము నా కిట్టీ పార్టీకి ఇచ్చెయ్."

"ఠీక్ హై మేడమ్. మీరూ ఆడాలి మరి" అన్నాను.

క్లాసు పోయినా పోవచ్చు. అయినా లిఫ్ట్‌లో ఒంటరిగా నవ్వుకున్నాను.

శనివారం హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు చెల్లాచెదురుగా వేశాను. ఆట సులువు. జట్టుకు ఇద్దరు. ఒకరికి కళ్లకు గంతలు. రెండోవాళ్లు గోడ దగ్గర నిలబడి ఇంగ్లీషులో నడిపించాలి. ప్లీజ్ అనకూడదు, మేడమ్ అనకూడదు, ఆజ్ఞలు మాత్రమే ఇవ్వాలి. అవతలి చివర ఉన్న కుర్చీలో ముందు కూర్చున్నవాళ్ల జట్టు గెలుస్తుంది. మేడమ్‌కి జతగా మాణిక్యాంబగారిని వేశాను. మేడమ్‌ని ఆజ్ఞాపించగల నోరు ఆ హాల్లో లేదని నాకు తెలుసు. నాకు కావలసిందీ అదే.

విజిల్ వేశాను. అవతలి జట్టు "గో, గో, లెఫ్ట్" అని అరుస్తూ కదిలింది. మాణిక్యాంబగారు నోరు తెరిచి, మూసి, చేతులు నలుపుకున్నారు. మేడమ్ తనే నాలుగడుగులు వేసి ఒక కుర్చీకి గుద్దుకుంది. ఇంకోటి కింద పడింది. ఆ చప్పుడు నా చెవులకు మంగళవాద్యంలా వినిపించింది.

"ఏం మాణిక్యం, నోట్లో పులిహోర ఉందా? ఇన్నేళ్లు ఢిల్లీలో ఉండి స్టాప్ అనడం కూడా రాదా?" అంది మేడమ్, గాల్లో చేతులు తడుముతూ.

మాణిక్యాంబగారి చేతులు నలుపుకోవడం ఆగింది.

"స్టాప్" అన్నారు.

మేడమ్ ఆగింది.

"టర్న్ లెఫ్ట్. వాక్. స్లో. స్లో అన్నాను. స్టాప్."

మేడమ్ ఆవిడ చెప్పినట్టల్లా చేసింది. చివరి కుర్చీ దగ్గర "సిట్ డౌన్" అంటే కూర్చుంది. అవతలి జట్టు ఎప్పుడో గెలిచి నీళ్లు తాగుతోంది. ఆట అయిపోయినట్టే. నేను విజిల్ వేయాలి. వేయలేదు.

"స్టాండ్ అప్" అన్నారు మాణిక్యాంబగారు. మేడమ్ లేచింది. "హ్యాండ్స్ అప్." చేతులెత్తింది. "టర్న్. టర్న్. సిట్ డౌన్. స్టాండ్ అప్." ఆవిడ గొంతు పెరగలేదు. కూతురికి జడ వేస్తున్నట్టు నిదానంగా, ఒక్కొక్కటీ తృప్తిగా చెప్పారు. నా పగ నా చేతుల్లోంచి జారి ఆవిడ చేతికి వెళ్లిందని అర్థమైంది. నాకేం బాధ కలగలేదు.

ఎవరో ఆపుకోలేక నవ్వారు. మేడమ్ గంతలు లాగేసుకుని చుట్టూ చూసింది. మొహం కందిపోయింది.

"వచ్చే వారం నుంచి హాలు లేదు."

"సొసైటీ యాప్‌లో నేను బుక్ చేస్తాను" అన్నారు మాణిక్యాంబగారు. "ఈ సొసైటీలో మాకూ ఫ్లాట్ ఉంది. హాలు మీరొక్కరే అడగాలని మేమే అనుకున్నాం, రూలేం లేదు." నిలబడే ఫోన్ తీసి శనివారాలన్నీ నొక్కేశారు.

"అచ్ఛా. మీ ఆయనతో ఆఫీసులో మా ఆయన చేత మాట్లాడించమంటావా?"

మాణిక్యాంబగారి వేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తలెత్తారు.

"టాక్" అన్నారు.

మేడమ్ ఎప్పుడు వెళ్తున్నా ఎవరో ఒకరు ముందు పరుగెత్తి లిఫ్ట్ బటన్ నొక్కుతారు. ఆ రోజు ఎవరూ కదల్లేదు. కారిడార్‌లో ఆవిడ బటన్ నొక్కడం, మళ్లీ నొక్కడం తలుపు దగ్గర నిలబడి విన్నాను. లిఫ్ట్ చాలాసేపటికి గానీ రాలేదు.