మడత వదలని వైరు

మా నాన్న దర్జీ. ఎదిగే పిల్లనని నా గౌన్లన్నింటికీ లోపల మడత వదిలి కుట్టేవాడు, నేను పొడుగైనప్పుడల్లా విప్పేవాడు. నా మొదటి కంప్యూటర్ కోసం చవగ్గా దొరికే మదర్‌బోర్డూ మెమరీ ఏరుకొచ్చాను. వాటిని బిగించే పెట్టె తాను తెస్తానని నాన్న వెళ్లి, ఆ బుల్లి బోర్డుకి బీరువా అంత క్యాబినెట్ మోసుకొచ్చాడు.

"ఇంత పెద్దదెందుకు నాన్నా?" అని ఒంటికాలి మీద లేచాను.

"రేపు ఎదగదటే?" అన్నాడు తాపీగా.

అన్నీ బిగించాను. తీరా చూస్తే అడుగునున్న పవర్ సప్లై వైరు పైనున్న బోర్డుకి అందలేదు. ఎంత లాగినా జానెడు తక్కువ. నాన్న మెడలోంచి టేపు తీసి కొలిచాడు. విప్పితే పొడవొస్తుందేమోనని వైరు చివర వేళ్లతో తడిమి తడిమి చూశాడు. చివరికి ఆయనకే తిక్కరేగింది.

"ఎవడే దీన్ని కుట్టిందీ? లోపల మడతే వదల్లేదు!"